కొల్లేరు చెరువుల కూల్చివేత (2006): నిర్బంధ తొలగింపు – జీవనోపాధి హక్కు

నిర్బంధ తొలగింపు అనగానే కూలిన ఇల్లు గుర్తుకు వస్తుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ 1993లో ఈ చర్యను మానవ హక్కుల తీవ్ర ఉల్లంఘనగా ప్రకటించింది. 1997లో ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల కమిటీ వెలువరించిన 7వ సాధారణ వ్యాఖ్య ఇంటితోపాటు ప్రజల అనుభవంలో ఉన్న భూమిని కూడా ఈ నిర్వచనంలో చేర్చింది. తగిన చట్టరక్షణ లేకుండా భూమి నుండి వెళ్ళగొట్టడమూ నిర్బంధ తొలగింపే. సంబంధిత ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. ఇళ్ళు చెక్కుచెదరకపోయినా బతుకు తెగిన కొల్లేరును ఈ నిర్వచనంతో చూడవలసి ఉంది.

విజయవాడ – ఏలూరు రహదారిపై ఉన్న హనుమాన్ జంక్షన్‌కు తూర్పుగా, కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. సరస్సు గర్భంలోని లంక గ్రామాలలో వడ్డి కులస్థులు, దళితులు అధికం. గజపతుల సైన్యంతో ఒడిశా నుండి వచ్చినవారి సంతతిగా వడ్డివారిని గురించి స్థానిక కథనం. నీరున్న కాలంలో వలలు, మావులతో చేపల వేట, వేసవిలో నీరు తీశాక వరిసాగు వీరి ఉమ్మడి జీవనాధారాలు. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలకు వస్తువు ఈ జీవితమే.

1970ల ద్వితీయార్ధంలో జలగం వెంగళరావు ప్రభుత్వం సహకార సంఘాలను ఏర్పరచి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. అంటే గట్లు మొదట వేయించినది ప్రభుత్వమే. క్రమంగా బయటి పెట్టుబడి వచ్చింది. సంఘాల చెరువులు లీజులకు వెళ్ళాయి, కొత్త చెరువులు అనుమతి లేకుండానే వెలిశాయి. సభ్యునికి ఏటా దక్కేది లీజు సొమ్ములో వాటా, గట్టు మీద కాపలా కూలి. పెద్ద లాభం ఎవరిదో ఆ ప్రాంతంలో అందరికీ తెలిసినదే.

1999 అక్టోబరు 4న జీ.ఓ. 120 ద్వారా ప్లస్ 5 కాంటూరు వరకు 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్సర్ జాబితాలో చేరింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి ప్రకటనకు ముందు కలెక్టరు స్థానికుల హక్కులను విచారించాలి. కాగితం ఉన్న పట్టాదారు ఆ విచారణలో కనబడతాడు. తరతరాల వేట హక్కుకు కాగితం ఎక్కడిది?

సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ సిఫారసులను అనుసరించి 2006 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. యంత్రాలతో, పేలుడు పదార్థాలతో గట్లు తెంచారు. పర్యావరణ దృష్టితో ఈ చర్యకు బలమైన కారణం ఉంది. గట్లు ఏరుల నీటికి అడ్డుపడి వరద ముంపును పెంచాయి, పక్షుల ఆవాసం కుంచించుకుపోయింది. అయితే గట్టు తెగినప్పుడు లీజుదారు, సంఘ సభ్యుడు సమానంగా నష్టపోలేదు. లీజుదారుకు ప్లస్ 5 దాటి మరోచోట చెరువు తవ్వుకునే స్తోమత ఉంది. సభ్యునికి వలస మిగిలింది. చెరువులు పోయిన మాత్రాన పాత కొల్లేరు తిరిగి రాలేదు. గుర్రపుడెక్క, కలుషిత జలాల మధ్య పాత వేటకు మళ్ళడం సులభం కాదు.

ఓల్గా టెల్లిస్ కేసులో (1985) జీవనోపాధి హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు తొలగింపును పూర్తిగా నిషేధించలేదు, న్యాయమైన పద్ధతిని కోరింది. 7వ సాధారణ వ్యాఖ్య కోరేదీ అదే: బాధితులతో నిజమైన సంప్రదింపు, తగిన ముందస్తు సమాచారం, పరిహారం. కొల్లేరులో చట్టబద్ధత ప్రశ్నకు న్యాయస్థానం ఆదేశం సమాధానమిచ్చింది. ప్రభుత్వమే అప్పగించిన చెరువును, ఆక్రమించి తవ్విన చెరువును ఒకే గాటన కట్టడం న్యాయమా అన్నది దానితో తేలలేదు.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని ప్లస్ 3కు కుదించాలని తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో కుదింపును సమ్మతించలేదు. ఆ తరువాతి రాజకీయ వాదమంతా కాంటూరు గీత చుట్టూనే తిరిగింది. 2022 జిల్లాల పునర్విభజనతో కైకలూరు కృష్ణా నుండి ఏలూరు జిల్లాకు మారింది. రికార్డుకెక్కని వేట హక్కు మాత్రం రెండు జిల్లాలలోనూ రికార్డుకెక్కలేదు.