ఔట్‌సోర్సింగ్: పని బయటికిస్తే బాధ్యత కూడా బయటికి పోతుందా?

ఔట్‌సోర్సింగ్ మీద వ్యాసం అనగానే మనలో చాలామంది వై2కే, 1998లో మొదలైన సైబర్ టవర్స్, కాల్ సెంటర్లు రాస్తాం. అది పని అందుకున్నవాళ్ల కథ. సంస్థ లోపలి పనిని కాంట్రాక్టర్‌కు అప్పగిస్తే ఏమవుతుందో చెప్పే పాత ఉదాహరణ ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది: దల్లి రాజ్‌హరా.

నేపథ్యం

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. దానికి ఇనుప ఖనిజం దల్లి రాజ్‌హరా గనుల నుంచి వచ్చేది. యంత్రాల గనుల్లో రెగ్యులర్ కార్మికులు ఉంటే, చేత్తో తవ్వి లారీలకెత్తే పని ఎక్కువగా కాంట్రాక్టర్ల కింద సాగేది. ఆ కార్మికుల్లో ఆదివాసీలు, మహిళలు చాలామంది.

సంస్థకు లాభం

అవసరాన్ని బట్టి కూలీలను పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. జీతాల భారం, పర్యవేక్షణ తగ్గుతాయి. సొంత సిబ్బంది అసలు ఉత్పత్తి మీద దృష్టి పెట్టవచ్చు. ఐటీ కంపెనీకి పని ఇచ్చే అమెరికా బ్యాంకు లెక్క కూడా దాదాపు ఇదే.

నష్టం ఎవరికి?

1977లో బోనస్ ఒప్పందం జరిగింది. రెగ్యులర్ కార్మికులకు 308 రూపాయలు, కాంట్రాక్ట్ కార్మికులకు 70. దాంతో వీరు పాత యూనియన్లను వదిలి, శంకర్ గుహ నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. జూన్ 2, 3 తేదీల్లో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వారి పేరిట కార్మికులే 1983లో షహీద్ ఆసుపత్రి ప్రారంభించారు. భిలాయిలో ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్ట్ కార్మికులను కూడగడుతున్న నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురయ్యారు.

చట్టం ఏం చెప్పింది?

ఇదంతా చట్టం లేక జరిగింది కాదు. 1970 కాంట్రాక్ట్ కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించాల్సి ఉండేది. ఏడాది పొడవునా సాగే పనుల్లో ప్రభుత్వం కాంట్రాక్ట్ పద్ధతిని నిషేధించే వీలుండేది. కానీ నిషేధించినంత మాత్రాన కార్మికులు ఆటోమేటిక్‌గా రెగ్యులర్ అయిపోరని 2001లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఒక పక్షం భిలాయి మాతృసంస్థ సెయిలే. కాంట్రాక్ట్ బూటకమని రుజువైతే మాత్రం వారు ప్రధాన యజమాని ఉద్యోగులే అని అదే తీర్పు చెప్పింది. 2020 వృత్తి భద్రతా కోడ్ కీలక కార్యకలాపాల్లో కాంట్రాక్ట్ కార్మికులను మినహాయింపులతో నిషేధించింది. అదే సమయంలో నిబంధనలు వర్తించే కనీస కార్మికుల సంఖ్యను 20 నుంచి 50కి పెంచింది.

ముగింపు

కాబట్టి ఔట్‌సోర్సింగ్ మంచిదా, చెడ్డదా అనేది సరైన ప్రశ్న కాదు. ఖర్చు ఎలా తగ్గిందన్నదే ప్రశ్న. నైపుణ్యం వల్ల తగ్గితే అది సామర్థ్యం. అదే పనికి తక్కువ కూలి ఇవ్వడం వల్ల తగ్గితే, ఆ ఖర్చు తగ్గలేదు, బలహీనుడి నెత్తికి మారిందంతే. సమాన పనికి సమాన వేతనం, ప్రధాన యజమాని జవాబుదారీతనం, యూనియన్ పెట్టుకునే హక్కు: ఈ మూడూ ఉన్నచోటే ఔట్‌సోర్సింగ్ లాభం అందరిదీ అవుతుంది. మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే సైబర్ టవర్స్ పక్కన దల్లి రాజ్‌హరాను కూడా పెట్టండి. జవాబుకు రెండో వైపు అక్కడుంది.