రంజీ మండలముల బలాబలములు – చింతపిక్కల పరీక్ష

2005 ఏప్రిల్ 5వ తేదీన విశాఖపట్నములో పాకిస్తాన్ జట్టుతో జరిగిన ఒకరోజు క్రికెట్ ఆటలో మహేంద్ర సింగ్ ధోని 148 పరుగులు చేసెను. ధోని రాంచీవాడు. అట్టి ఊరి నుండి దేశపు జట్టులోనికి ఒకడు వచ్చుట నేటి బాలురకు వింత కాదు. కాని వారి తాతల కాలమున దేశములోని క్రికెట్ బలము చాలవరకు బొంబాయిలోనే గూడుకట్టుకొని యుండెను. ఆ బలము ఎట్లు చేతులు మారినది? చరిత్ర వేయు ఈ ప్రశ్నకు గణితశాస్త్రము కొంత సమాధానము చెప్పగలదు.

రంజీ ట్రోఫీ పోటీలు 1934–35లో ఆరంభమైనవి. దేశమును మండలములుగా విభజించి, మండల విజేతలకు పై ఆటలు పెట్టెడివారు. తొలిదశలో సంస్థానముల జట్లు మిక్కిలి బలమైనవి. ఇండోర్ మహారాజు పోషించిన హోల్కార్ జట్టు 1944–45 మొదలు 1954–55 వరకు జరిగిన పదకొండు పోటీలలో పదింట తుది ఆటకు చేరి, నాలుగింట గెలిచినది. దానిని తీర్చిదిద్ది, చిరకాలము నడిపినవాడు తెలుగు కుటుంబమున పుట్టిన సి. కె. నాయుడు. సంస్థానములు విలీనమై, రాజపోషణ సన్నగిల్లిన పిదప ఆ జట్టే కనుమరుగయ్యెను. 1953–54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి అడుగుపెట్టినప్పుడు, ఆరుపదులకు చేరువైన నాయుడు దాని పక్షమున ఆడెను.

రాజుల తరువాత బొంబాయి వంతు వచ్చినది. అచటి బ్యాంకులు, కంపెనీలు ఆటగాండ్రకు ఉద్యోగము లిచ్చినవి. 1948లో మొదలైన కంగా లీగు వలన వానకాలమున గూడ ఆట ఆగలేదు. 1958–59 నుండి 1972–73 వరకు వరుసగా పదునైదు పర్యాయములు బొంబాయియే రంజీ విజేత. ఇది బలమా, అదృష్టమా?

తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. పది చింతపిక్కలు తీసికొని, ఒకదానికి సున్నపు బొట్టు పెట్టి, అన్నిటిని ఒక సంచిలో వేయుడు. బొట్టులేని పిక్క వచ్చిన బొంబాయి గెలిచినట్లు. బొట్టున్నది వచ్చిన ఓడినట్లు. చూడకుండ ఒక పిక్క తీసి, ఫలితము వ్రాసికొని, మరల సంచిలో వేసి కలుపవలెను. ఇట్లు పదునైదు మార్లు తీసినచో ఒక ఊహాలోకపు పదునైదేండ్ల చరిత్ర తయారగును. నలుబదిమంది విద్యార్థులు తీసినచో నలుబది లోకములు! వీనిలో సుమారు ఎనిమిదింటిలో మాత్రమే బొంబాయి ఒక్కమారైనను ఓడకుండ నిలుచును. పదింట తొమ్మిది పాళ్లు గెలుపు ఖాయమైన జట్టుకే ఈ గతి. బొమ్మాబొరుసువలె సగము పాలు మాత్రమే గెలుపుగల జట్టుకైనచో 32,768 లోకములలో ఒక్కదానియందే ఈ భాగ్యము దక్కును. కనుక బొంబాయికి బలము మెండుగా నుండెననుట నిశ్చయము. దానికి అదృష్టమును కొంత తోడుపడియుండును.

1973–74 సెమీఫైనలులో కర్ణాటక బొంబాయిని ఓడించెను. ఆ ఆటలో బొంబాయి నాయకుడు అజిత్ వాడేకర్ పరుగు తీయుచు కాలు జారి రనౌట్ అయ్యెను. అంతమాత్రమున బొంబాయి యుగము ముగిసినదన వచ్చునా? రాదు. బొట్టుపిక్క ఒకటి వచ్చినంతనే సంచి మారిపోయినదని అనుకొనరాదు గదా.

అయితే తరువాత ఏమి జరిగినదో చూడుడు. ఆ ఏటితో మొదలుపెట్టి 1982–83 వరకు పది పోటీలలో బొంబాయి నాలుగు, కర్ణాటక మూడు, ఢిల్లీ మూడు గెలిచినవి. పాత సంచి నుండి పది తీతలలో ఆరు గాని, అంతకు మించి గాని బొట్టుపిక్కలు వచ్చుట సుమారు 6,800 లోకములలో ఒకదానియందే సంభవించును. అనగా సంచియే మారినది! ప్రసన్న, చంద్రశేఖర్‌ల బంతులు దక్షిణ మండలమునకు, అమృతసర్ నుండి ఢిల్లీ జట్టులో చేరిన బిషన్ సింగ్ బేడీ నాయకత్వము ఉత్తర మండలమునకు క్రొత్త బలమిచ్చినవి.

నిబంధనలును బలాబలములను మరుగుపరచ గలవు. 1969–70 వరకు మండలమునకు ఒక్క జట్టే పైకి పోవుటకు వీలుండెను. మరుసటి యేడు రెండేసి జట్లకు అవకాశ మీయగా, తుది ఆటలో తలపడిన బొంబాయి, మహారాష్ట్ర రెండును పశ్చిమ మండలమువే! అంతకుముందు బొంబాయి నీడలో ఎందరు సమర్థులు అణగియుండిరో ఊహింపవచ్చును. మద్రాసు, మైసూరు, హైదరాబాదుల నడుమ చిక్కిన ఆంధ్ర జట్టుకును దారి ఇరుకే. 2002–03లో రంజీ పోటీలకు మండలముల పద్ధతి తొలగినది.

చరిత్రకారుని చేతికి దక్కునది ఒక్క లోకమే. అందు జరిగిన ప్రతి గెలుపునకును గొప్ప కారణము వెదకుట మానవ సహజము. వచ్చినది బొట్టుపిక్కయా, మారినది సంచియా అని ముందుగా విచారింపవలెను. ఒక్క పరీక్షలో తప్పిన విద్యార్థిని గూర్చి తీర్పు చెప్పునప్పుడును ఉపాధ్యాయులు ఈ చింతపిక్కలను తలచుకొనుట మేలు.