మంచు మధ్య దాహం

ఎవరెస్ట్ ఎక్కేవారి చుట్టూ కనుచూపుమేర మంచే. అయినా వారిని వేధించేది దాహం! మంచును కరిగించనిదే గొంతు తడవదు. అందుకు పొయ్యి కావాలి, ఇంధనం కావాలి.

0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న కిలో మంచు కరగడానికి 80 కిలో కెలోరీల ఉష్ణం అవసరం. దీనినే గుప్తోష్ణం అంటారు. అంతే ఉష్ణంతో కిలో నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేయవచ్చు. మంచుసీమలో ఇంధనం ఎంత ఖర్చవుతుందో దీనినిబట్టి ఊహించవచ్చు.

1892లో స్వీడన్‌కు చెందిన లిండ్‌క్విస్ట్ ప్రైమస్ స్టవ్‌ను రూపొందించాడు. ఒకప్పుడు మన ఇళ్ళలో హోరుమని మండిన పంపు స్టవ్ ఈ కోవదే. పంపుతో కొట్టిన గాలి కిరోసిన్‌ను పైకి నెడుతుంది. వేడెక్కిన గొట్టంలో అది ఆవిరై, సన్నని రంధ్రం గుండా వెలువడి, దాదాపు మసి లేకుండా మండుతుంది. 1893లో ఉత్తర ధ్రువయాత్రకు బయలుదేరిన నాన్సెన్ దీనిని వెంట తీసుకెళ్ళాడు. వంటపాత్ర చుట్టూ మరో పాత్ర అమర్చి, వృథాగా పోయే వేడితో మంచు కరిగించుకున్నాడు.

మంచి పొయ్యి ఉంటేనే చాలదు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తున్న స్కాట్ బృందం దారిలో దాచుకున్న డబ్బాలు తెరిస్తే కిరోసిన్ తగ్గిపోయి ఉంది! తోలు వాషర్లున్న మూతల సందుల్లోంచి అది ఆవిరైపోయిందని భావిస్తారు. అముండ్‌సెన్ తన డబ్బాలను టంకం వేసి మూయించాడు. స్కాట్ బృందం ప్రాణాలు కోల్పోవడానికి గల కారణాల్లో ఈ ఇంధన కొరత ఒకటి.

1952 మే నెలలో టెన్సింగ్, స్విస్ ఆరోహకుడు లాంబెర్ ఎవరెస్ట్‌పై సుమారు 8,400 మీటర్ల ఎత్తున స్టవ్ లేకుండా రాత్రి గడిపారు. కొవ్వొత్తి మంటపై కాస్త మంచు కరిగించుకున్నారు. మర్నాడు శిఖరం అందకుండానే వెనుదిరిగారు. ఎత్తైన చోట వేగంగా శ్వాసించేటప్పుడు ఒంట్లోని నీరు ఆవిరిగా పోతుంది. రోజుకు కనీసం 3 లీటర్ల ద్రవం తాగాలని శరీరధర్మ శాస్త్రవేత్త గ్రిఫిత్ ప్యూ బ్రిటిష్ బృందానికి సూచించాడు. 1953 మే 28 రాత్రి టెన్సింగ్, హిల్లరీల గుడారంలో ప్రైమస్ మండింది. కావలసినంత తాగారు. తెల్లవారాక గడ్డకట్టిన బూట్లను హిల్లరీ ఆ మంటపైనే మెత్తబరచుకున్నాడు. ఆ రోజే ఇద్దరూ శిఖరం చేరారు.

నేడు చిన్న గ్యాస్ డబ్బాలు వచ్చాయి. అయితే బ్యూటేన్ సుమారు 0 డిగ్రీల దిగువన సరిగా ఆవిరి కాదు. అందుకే చలిప్రాంతాలకు ప్రొపేన్ కలిపిన గ్యాస్ ఎంచుకోవాలి. మూసిన గుడారంలో ఏ పొయ్యీ వెలిగించరాదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం. మంచుకొండలకు వెళ్ళేవారు వంటకెంత ఇంధనం కావాలని కాదు, తాగే నీటికెంత కావాలని ముందుగా లెక్క వేసుకోవాలి.