కుంటు కాలిలో, కారణం వెన్నులో: గుర్రపు వైద్య చరిత్ర నుంచి ఒక అధ్యయనం

1. పరిచయం

రాజ్యాల చరిత్ర చదివేటప్పుడు అశ్వదళాల సంఖ్యలు మీకు తరచుగా ఎదురవుతాయి. ఆ గుర్రాలు ఎంతకాలం పనిచేశాయి, ఏ నొప్పితో పనికిరాకుండా పోయాయి అన్న ప్రశ్న మాత్రం పాఠ్యగ్రంథాల్లో అరుదుగా కనిపిస్తుంది. యుద్ధం, రవాణా, వ్యవసాయం, తపాలా వంటి వ్యవస్థలు అనేక దేశాల్లో గుర్రపు వెన్ను మీదా, వెనుక కాళ్ల మీదా శతాబ్దాల పాటు నడిచాయి. అందువల్ల ఆ వెన్నునూ కాళ్లనూ మనిషి ఎలా అర్థం చేసుకున్నాడో తెలుసుకోవడం చరిత్ర విద్యార్థికి అవసరం.

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు మూడు విషయాలు వివరించగలగాలి: వెనుక కాలి కుంటుకూ వెన్నునొప్పికీ ఉన్న సంబంధం, ఆ సంబంధం స్పష్టం కావడానికి చాలాకాలం పట్టడానికి కారణాలు, నేటి సంరక్షణ పద్ధతుల వెనుక ఉన్న అనుభవం.

2. శరీర నిర్మాణం: తెలుసుకోవలసిన కనీస విషయాలు

గుర్రపు వెన్నెముకలో పక్కటెముకలు అతుక్కునే భాగంలో 18 వెన్నుపూసలు, నడుములో సాధారణంగా 6 ఉంటాయి. జీను ఉండవలసింది మొదటి భాగం మీద. నడుముకు పక్కటెముకల ఆసరా లేదు కనుక అది బరువు మోయడానికి తగినది కాదు. నిలబడి ఉన్నప్పుడు శరీర బరువులో ఎక్కువ పాలు ముందుకాళ్ల మీద పడుతుంది. ముందుకు నెట్టే శక్తి వెనుక కాళ్లది. ఆ శక్తి తుంటి ఎముక ద్వారా వెన్నెముకకు చేరుతుంది.

దీన్నిబట్టి వెనుక కాలు నొప్పిగా ఉన్న గుర్రం నడుము బిగబట్టి నడుస్తుందని, నడుము నొప్పిగా ఉన్న గుర్రం వెనుక కాళ్లను సరిగా వాడదని మీరు ఊహించవచ్చు. చూసేవారికి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మన విషయానికి మూలమైన చిక్కు ఇదే.

3. ప్రాచీన పరిశీలన

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు రచయిత జెనొఫన్ అశ్వారోహణంపై ఒక చిన్న గ్రంథం రాశాడు. గుర్రాన్ని కొనేవాడు పరీక్షను గిట్టల నుంచి మొదలుపెట్టాలని, పునాది లేని ఇల్లు ఎంత అందమైనదైనా నిరుపయోగమని అతని వాదం. వెన్ను ఎముకకు రెండు వైపులా కండ పెరిగి, ఎముక మధ్యలో గాడిలా ఉండటం మంచి లక్షణమన్నాడు. నడుము వెడల్పుగా, పొట్టిగా ఉంటే వెనుక కాళ్లను శరీరం కిందికి తెచ్చుకోవడం గుర్రానికి సులభమని గుర్తించాడు. నడుమునూ వెనుక కాళ్లనూ కలిపి చూసిన తొలి రాతపూర్వక పరిశీలనల్లో ఇది ఒకటి.

భారతదేశంలో శాలిహోత్రుని పేరిట, నకులుని పేరిట అశ్వశాస్త్ర గ్రంథాలు ప్రచారంలో ఉన్నాయి. జయదత్తుని 'అశ్వవైద్యకం' కూడా ఈ కోవకు చెందినదే. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' రచించాడు. ఈ సంప్రదాయంలో గుర్రపు రంగులు, సుళ్లు, నడకలు, వయస్సు గుర్తులు, రోగాలు చర్చకు వస్తాయి. కాకతీయుల కాలంలో గంగయ సాహిణి వంటి నాయకుల పేర్లలోని 'సాహిణి' అనే బిరుదు అశ్వదళ నిర్వహణకు సంబంధించినది. గుర్రాన్ని ఎరిగినవాడికి రాజ్యంలో ఎంత స్థానం ఉండేదో ఆ ఒక్క మాట చెబుతుంది.

4. వాత పెట్టడం: ఒక చికిత్స దీర్ఘాయువు

పశువుల కీలు వాచినా కాలు ఈడ్చినా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం మన పల్లెల్లో పెద్దలకు తెలిసిన పద్ధతి. సుశ్రుత సంహితలో అగ్నికర్మ ఉంది. రోమన్ యుగం చివర వెజీషియస్ సంకలనం చేసిన పశువైద్య గ్రంథంలోనూ, 13వ శతాబ్దంలో ఫ్రెడరిక్ 2 చక్రవర్తి కొలువులోని జోర్డానస్ రూఫస్ రాసిన అశ్వవైద్య గ్రంథంలోనూ వాతలు కనిపిస్తాయి. వెనుక కాలి మధ్యలో, మన చీలమండకు సమానమైన స్థానంలో ఉండే హాక్ కీలు అరుగుదల వ్యాధికి ఐరోపాలో ఇది ప్రధాన చికిత్సగా నిలిచింది. 1761లో అనుమతి పొంది 1762లో క్లాడ్ బూర్జెలా ఆధ్వర్యంలో ఫ్రాన్స్‌లోని లియాన్ పశువైద్య పాఠశాల మొదలైంది. 1791లో లండన్‌లో కళాశాల వచ్చింది. శాస్త్రీయ విద్య వచ్చినా వాతలు పోలేదు.

ఎందుకు? వాత పెట్టిన గుర్రాన్ని కొన్ని నెలలు పనికి కట్టేవారు కాదు. ఆ విశ్రాంతిలో కొన్ని గుర్రాలు కోలుకునేవి. ఆ ఫలితం వాత ఖాతాలో పడేది. వాత లేకుండా అంతే విశ్రాంతి ఇచ్చిన గుర్రాలతో పోల్చి చూసిన వారు చాలాకాలం లేరు. 1983లో బ్రిస్టల్ పరిశోధకులు కాలి స్నాయువు గాయాలపై తమ అధ్యయనాన్ని ప్రచురించి, వాతల వల్ల మేలు లేదని చూపారు. 1991లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ ఈ పద్ధతి నైతికం కాదని ప్రకటించింది. ఒక చికిత్స ఎంతకాలం నిలిచిందన్నది దాని విలువకు సాక్ష్యం కాదని మీరు ఇక్కడ గమనించాలి.

5. జీను కింద దాగిన కారణం

వాత కాలి మీద దృష్టిని నిలిపింది. దృష్టిని వెన్ను మీదికి మళ్లించినది సైన్యం. పొడవైన దండయాత్రల్లో జీను ఒరిపిడికి వెన్ను పుండ్లు పడి అశ్వదళాలు నడవలేని స్థితికి వచ్చేవి. బ్రిటిష్ సైనిక పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లో జీనులు, వెన్ను పుండ్లపై ఒక కరదీపిక ప్రచురించాడు. పుండు ఎక్కడ పడిందో చూసి జీనులో లోపం ఎక్కడుందో వెతకాలన్నది ఈ ఆలోచనా ధోరణిలోని కీలకం. మూపు మీద ఒత్తిడి ఉండరాదు; వెన్ను ఎముకకు జీను తగలరాదు; రెక్క ఎముక కదలికకు అడ్డు రాకూడదు; నడుము మీద బరువు పడరాదు. సైన్యం క్రమంగా పాటించిన సూత్రాలు ఇవి.

సూత్రాలు ఉండటం వేరు, అమలు వేరు. 1899-1902 దక్షిణాఫ్రికా యుద్ధంలో బ్రిటిష్ సైన్యం సుమారు 3,26,000 గుర్రాలను కోల్పోయింది. శత్రువు తూటాలకు చనిపోయినవి వీటిలో కొద్ది పాలే. ఓడ ప్రయాణం నుంచి దిగిన గుర్రాలకు విశ్రాంతి ఇవ్వలేదు. చాలీచాలని మేతతో, అధిక బరువుతో, అనుభవం లేని రౌతుల కింద వాటిని నడిపించారు. ఈ వినాశనాన్ని ప్రత్యక్షంగా చూసిన స్మిత్ తరువాత ఆ యుద్ధపు పశువైద్య చరిత్రను రాశాడు. గుర్రపు బాధకు కారణం వెతుకుతూ పోతే అది జీను దగ్గర ఆగక పాలకుల నిర్ణయాల దాకా వెళ్లింది.

6. కనిపించని నొప్పిని వెతకడం

పుండు కంటికి కనిపిస్తుంది. లోపలి నొప్పి కనిపించదు. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ తీసిన వరుస ఫోటోలు, పరుగెత్తే గుర్రపు కదలికను మనిషి కన్ను సరిగా పట్టలేదని రుజువు చేశాయి. 19వ శతాబ్దం చివర కొకెయిన్‌తో మొదలైన స్థానిక మత్తు మరో మార్గం తెరిచింది. ఒక నరాన్ని మొద్దుబార్చగానే కుంటు తగ్గితే నొప్పి ఆ చోటే ఉందని తెలుస్తుంది. 1895లో కనుగొన్న ఎక్స్‌రే కాళ్ల విషయంలో బాగా ఉపయోగపడింది. వెన్ను, తుంటి భాగాల మందం వల్ల అక్కడ స్పష్టమైన చిత్రం పొందడం కష్టమైంది.

1980లో లియో జెఫ్‌కాట్ బ్రిటన్‌లో వెన్ను వ్యాధులున్న 443 గుర్రాలపై సర్వే ప్రచురించడంతో ఈ రంగం ఒక క్రమశాస్త్రంగా రూపుదిద్దుకుంది. వెన్నుపూసల పైముళ్లు ఒకదానికొకటి రాసుకోవడం నొప్పికి ఒక కారణమని తేలింది. అదే మార్పు ఏ నొప్పీ లేని గుర్రాల్లోనూ కనిపించింది. కాబట్టి చిత్రం ఒక్కదానితో నిర్ణయం చేయరాదు. తరువాత ట్రెడ్‌మిల్ మీద చేసిన పరిశోధనలు, వెనుక కాలి స్వల్ప కుంటు కూడా వెన్నెముక కదలికను మార్చుతుందని కొలిచి చూపాయి.

7. నేటి నిర్వహణ

నేటి పశువైద్యుడు ముందుగా గుర్రాన్ని గట్టి నేల మీద తిన్నగా, తరువాత గుండ్రంగా నడిపించి, తుంటి రెండు వైపులా సమానంగా లేచి దిగుతున్నదా అని వెనుక నుంచి చూస్తాడు. వెన్ను కండరాలను తడుముతాడు. గిట్టల కోత, లాడాలు, జీను, రౌతు కూర్చునే తీరు పరిశీలిస్తాడు. అసలు నొప్పి కాలిలో ఉంటే, వెన్నుకు మాత్రమే చేసే చికిత్స నిలవదు. అసలు నొప్పి వెన్నులో ఉన్నప్పుడూ ఇదే వర్తిస్తుంది.

నొప్పి తగ్గించే మందులు, అవసరమైతే కీలులోకి ఇంజెక్షన్లు పశువైద్యుని నిర్ణయం మేరకే ఇవ్వాలి. తీవ్రమైన గాయానికి విశ్రాంతి తప్పనిసరి. అయితే దీర్ఘకాలం కొట్టంలో కట్టివేస్తే వెన్నుకు ఆసరా ఇచ్చే కండరాలు క్షీణిస్తాయి. అందుకే చేతితో పట్టుకుని నడిపించడం, క్రమంగా వాలు నేల మీద నడక, ఆ తరువాతే రౌతు బరువు అన్న వరుస పాటిస్తారు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 8 గుర్రాల చేత మూడు నెలల పాటు మేత ఆశ చూపి మెడను కిందికీ పక్కలకూ వంచే వ్యాయామాలు చేయించారు. వెన్నుపూసలను ఆనుకుని ఉండే మల్టిఫిడస్ కండరం పెరిగినట్లు అందులో తేలింది. దీనికి ఖర్చు లేదు, ఓపిక కావాలి.

8. సారాంశం

గుర్రం తన నొప్పిని చెప్పుకోలేదు. అది మొండికేసినా, జీను వేసేటప్పుడు కరవబోయినా దాన్ని పొగరుగా లెక్కకట్టి కొట్టడం సులభం. నొప్పి ఉన్న చోటు, దాని కారణం ఉన్న చోటు ఒకటే కానక్కరలేదని ఒప్పుకోవడానికి చాలా శతాబ్దాలు పట్టింది. కారణం కోసం కాలి నుంచి వెన్నుకు, వెన్ను నుంచి జీనుకు, జీను నుంచి దాన్ని బిగించిన మనిషికి వెళ్లిన ప్రయాణమే ఈ చరిత్ర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వెనుక కాలి కుంటుకూ వెన్నునొప్పికీ ఉన్న సంబంధాన్ని శరీర నిర్మాణం ఆధారంగా వివరించండి.
2. వాత పెట్టే పద్ధతి దీర్ఘకాలం కొనసాగడానికి కారణాలేమిటి? ఏ రకమైన పోలిక లేకపోవడం దాన్ని నిలబెట్టింది?
3. దక్షిణాఫ్రికా యుద్ధంలో గుర్రాల నష్టాన్ని వైద్య సమస్యగా చూడాలా, పాలనా సమస్యగా చూడాలా? మీ సమాధానాన్ని సమర్థించండి.
4. మీ ప్రాంతంలో బండి గుర్రాలు లేదా ఎడ్లు ఉంటే, వాటి మూపు, వెన్ను, వెనుక కాళ్లను గమనించి, కాచేవారిని అడిగి, ఒక పేజీ నివేదిక రాయండి.