పిట్ట: మాట వెనుక కథ

చిన్నపక్షుల కెల్ల తెలుగునాట సాధారణనామమై వాడుకనున్న 'పిట్ట' యను దేశ్యపదమును, ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుఁడు వియెయో 1816లో నొక పక్షిప్రజాతికి శాస్త్రనామముగా స్వీకరించెను. ఆ ప్రజాతిలో మన దేశమునఁ గానవచ్చు పక్షి, పచ్చని వీఁపును, లేతగోధుమవన్నె ఱొమ్మును, తోఁకక్రింద నరుణవర్ణమును గలిగి, హిమాలయపాదారణ్యములందును మధ్యభారతమునందును గూఁడుకట్టి పిల్లలఁ బెంచి, శీతకాలమున దక్షిణాపథమునకును సింహళమునకును వలసవచ్చి, తరుచ్ఛాయలలో రాలిన యాకులను ముక్కుతోఁ దిరుగవేయుచుఁ బురుగుల నేఱుకొని తినును. ప్రాతస్సాయంకాలములందు రెండు స్వరముల యీలవేయుటచేఁ దమిళులు దీనిని 'ఆఱుమణిక్కురువి' (ఆఱుగంటల పిట్ట) యనిరి. బహువర్ణశోభితమగుటచే హిందీవారు 'నవరంగ్' అనిరి. శాస్త్రలోకమున మాత్రము తెలుగుమాటయే నిలిచినది. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల యుష్ణారణ్యములందలి తత్సజాతీయపక్షుల కుటుంబమునకుఁ గల 'పిట్టిడే' యను నామమును దీనినుండియే యేర్పడినది.