మట్టిపలక, మట్టితొడుగు: సుమేరియన్ పత్రాల ప్రామాణికత

సుమేరియన్ మట్టిపలకలను చరిత్రకారులు ప్రధానంగా వాటిలోని పాఠం కోసం పరిశీలిస్తారు. అయితే కొన్ని పత్రాల విషయంలో పాఠంతో పాటు, దానిని కప్పి ఉంచిన తొడుగును కూడా పరిశీలించాలి. ఆ పత్రాలకు ప్రామాణికతను సమకూర్చినది తొడుగేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఊర్ మూడవ రాజవంశ కాలానికి (సుమారు క్రీ.పూ. 2112–2004) చెందిన రశీదులు, రుణపత్రాలు అనేకం తొడుగులతో సహా లభించాయి. లేఖకుడు తడి బంకమట్టి పలకపై రెల్లుకలంతో క్యూనిఫాం లిపిలో పత్రం రాసి ఆరనిచ్చేవాడు. తర్వాత దానిచుట్టూ పలుచని మట్టిపొరను చుట్టి, అదే విషయాన్ని పైన తిరిగి రాసేవాడు. బాధ్యత వహించే వ్యక్తి తన స్థూపాకార ముద్రికను ఆ పచ్చిమట్టిపై దొర్లించేవాడు. సుమేరియన్ భాషలో ‘కిషిబ్’ అనే పదం ముద్రికకూ, ముద్రాంకిత పత్రానికీ సమానంగా వర్తించడం గమనార్హం.

ఒకే పాఠాన్ని రెండుసార్లు రాయడానికి కారణం మట్టి స్వభావంలోనే ఉన్నది. తడిపితే మట్టిపై రాత మారుతుంది. తర్వాతి కాలపు బాబిలోనియాలో హమ్మురాబి శాసనసంహితలోని 48వ నిబంధన దీనికి నిదర్శనం. వరదవల్లనో నీటి కొరతవల్లనో పంట పోతే రుణగ్రస్తుడు ఆ ఏడు ధాన్యం చెల్లించనక్కరలేదు, తన పలకను తడపవచ్చు. చట్టం అనుమతించిన ఈ పనిని దురుద్దేశంతో చేయడమూ సాధ్యమే. బయటి పాఠాన్ని ఎవరైనా మార్చినా లోపలి పాఠం వారికి అందదు. దానిని అందుకోవాలంటే తొడుగు పగలాలి. కొత్త తొడుగు వేయాలంటే అదే ముద్రిక మళ్లీ కావాలి. వివాదం తలెత్తినప్పుడు తొడుగును పగలగొట్టి రెండు పాఠాలనూ పోల్చి చూసే అవకాశం ఉండేది.

కాబట్టి లోపలి పాఠం విలువ అది ఎవరి కంటా పడకుండా ఉండడంలోనే ఉన్నది. ఇదే నేటి పరిశోధకునికి చిక్కుముడి అయింది. లోపలి పాఠం చదవాలంటే ముద్రలున్న తొడుగును ధ్వంసం చేయక తప్పేది కాదు. ఇటీవల సి.టి. స్కానింగ్ ఆ నష్టం లేకుండానే లోపలి అక్షరాలను చూపగలుగుతున్నది.

పగలని తొడుగును చదవని పత్రంగా మాత్రమే భావించరాదు. లోపలి సాక్ష్యాన్ని పిలవవలసిన అవసరం ఆ ఒప్పందానికి రాలేదని కూడా అది సూచిస్తుంది.