సరిహద్దు లిపులకు వర్చువల్ మెషీన్ ఆసరా

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి; బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. పాలనా భాష కన్నడమైనా జిల్లాలో తెలుగు మాట ఆగలేదు. అలాంటి చోట డీటీపీ పనికి రెండు లిపులూ కావాలి. తెలుగుకు అను స్క్రిప్ట్ మేనేజర్, కన్నడానికి బరహ, నుడి. ఇవన్నీ విండోస్ కోసం పుట్టినవే. అందుకే అక్కడ ఎవరైనా లినక్స్‌కు మారాలనుకుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న, పాత ఫైళ్ల సంగతేమిటన్నదే.

చిక్కు ఫాంట్లలో ఉంది. యూనికోడ్ తొలి కూర్పు 1991లోనే తెలుగు, కన్నడాలకు చోటిచ్చినా, అచ్చు పని చాలాకాలం పాత ఫాంట్లతోనే సాగింది. అవి ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తలకట్లు, గుడులు, ఒత్తుల ముక్కలను కూర్చాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పైగా పేజీలు కట్టిన పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 తర్వాత ఎదగలేదు.

దీనికి మొదటి జవాబు 1993లో మొదలైన వైన్. అది దుబాసీ లాంటిది: విండోస్ ప్రోగ్రాం అడిగినదాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా చెబుతుంది. వైన్ 1.0 రావడానికి 2008 దాకా పట్టింది. సాదా ప్రోగ్రాములకు అది చాలు. కానీ అను లాంటి కీబోర్డు మేనేజర్లు విండోస్ లోపలి పొరలను పట్టుకుని పనిచేస్తాయి కనుక అక్కడ వైన్‌ను నమ్ముకోలేం.

రెండో జవాబు వర్చువల్ మెషీన్, అంటే విండోస్‌నే మొత్తంగా లినక్స్ లోపల నడపడం. ఈ ఆలోచన పాతది. ఐబీఎం 1960లలోనే ఒకే పెద్ద కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా చూపింది. 1972లో వీఎం/370 ప్రకటించింది. ఇళ్లలోని ఎక్స్86 ప్రాసెసర్లు మాత్రం దీనికి అనువుగా లేవు. లోపలి సిస్టమ్ ఇచ్చే కొన్ని ఆదేశాలు దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు పట్టుబడకుండా జారిపోయేవి. 1998లో పుట్టిన వీఎంవేర్ ఆ ఆదేశాలను నడుస్తుండగానే మార్చి రాసే పద్ధతితో ఈ అడ్డంకి దాటింది. 1999లో దాని వర్క్‌స్టేషన్ లినక్స్ మీద విండోస్‌ను నడిపింది. ఫాబ్రిస్ బెలార్ 2003లో ఇలాంటి పనికే వాడే క్యూఈఎంయూ విడుదల చేశాడు. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే ఈ వసతి కల్పించాయి. 2007లో ఆ వసతిని వాడుకునే కేవీఎం లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. ఆ ఏడాదే వర్చువల్‌బాక్స్ ఓపెన్‌సోర్స్‌గా వచ్చింది. ఖర్చు లేకుండా ఈ పని చేసుకోవడం మామూలు వాడుకరికి మరింత సులువైంది.

ఈలోగా తెలుగు లినక్స్ కూడా ఎదిగింది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం పనిచేసింది. కొత్తగా రాసేదంతా యూనికోడ్‌లో లినక్స్ మీదే రాయవచ్చు. వర్చువల్ మెషీన్ అవసరం పాతదానికే. 2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అలాంటి పాత విండోస్‌ను నెట్ లేకుండా వర్చువల్ మెషీన్‌లో బంధిస్తే వైరస్ భయం చాలా తగ్గుతుంది, ఉన్న స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరిస్తే చెడినా వెనక్కి రావచ్చు. విండోస్ లైసెన్సు మాత్రం అక్కడా ఉండాల్సిందే.

అయితే ఇది తాత్కాలిక ఆసరాగానే ఉండాలి. పాత ఫాంట్లు, ఇన్‌స్టాలర్లు, ఫైళ్లతో ఒక వర్చువల్ డిస్కు సిద్ధం చేసి, ఒక నకలు వేరేచోట దాచి, అందులోంచి ఒక్కొక్క పుస్తకాన్నీ, పత్రికనూ యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చినదాన్ని మూలంతో పోల్చి దిద్దాలి. ఆ దిద్దుబాటుకు రెండు లిపులూ చదవగలవారు కావాలి. బళ్లారిలో వారికి కొదవ లేదు కనుక ఈ పని అక్కడ ఇప్పుడే మొదలుకావాలి.